నిమ్మకాయ పగలని టైర్లు

మా ఇంట్లో టైర్ల గురించి అందరికంటే ఎక్కువ తెలిసిన మనిషికి బండి నడపడం రాదు. ఆ మనిషి మా ఆయన. స్కూటర్ మీద దుకాణానికి పోయి రావడం తప్ప ఆయన చేతిలో ఏ స్టీరింగూ తిరగలేదు. బండి నడిపేది నేను. కానీ టైరు ఎంత వెడల్పు ఉండాలి, బండి ఎంత ఎత్తు లేవాలి, బురదలో దిగేముందు గాలి ఎంత తీయాలి అన్న విషయాల మీద ఆయన అన్నం తింటూ కూడా మాట్లాడగలడు. అంతా ఫోన్లో వీడియోలు చూసి సంపాదించిన విద్య. ఆ వీడియోలలో జీపులు బండలెక్కుతాయి, వాగుల్లో మునిగి తేలుతాయి. మా సిద్దిపేటలో బండి ఎక్కాల్సిన ఎత్తంటే చెరువు కట్ట ఒక్కటే, దానికీ చక్కటి రోడ్డుంది. ఈ మాట నేనంటే ఆయన నన్ను జాలిగా చూసేవాడు.

అసలు జీపు కొన్నది మా అవ్వ కోసం, అంటే మా అమ్మ కోసం. ఆమెకు కుకునూరుపల్లి అవతల కొంచెం పొలం ఉంది. పెళ్లిలో వాళ్ల నాయిన పసుపుకుంకుమ కింద ఇచ్చిన భూమి. మా బాపు పోయిన తర్వాత అవ్వ మా దగ్గరికి వచ్చేసింది, పొలం కౌలుకిచ్చాం. అయినా అప్పుడప్పుడు పోయి గెట్ల మీద ఒక చుట్టు తిరిగి, కౌలుకు చేసుకునే అతన్ని నాలుగు మాటలని వస్తే తప్ప ఆమెకు నిద్ర పట్టేది కాదు. మోకాలి ఆపరేషన్‌తో అది ఆగిపోయింది. ఒక మోకాలు మార్చారు, రెండోది వంతు కోసం చూస్తోంది. బైకు మీద కూర్చోలేదు. పొలానికి పోయే ఆ బాటంటే ఆటోవాళ్లు దండం పెడతారు. సరే అని ఒకసారి మా కారులోనే తీసుకుపోయాను.

అది ట్రాక్టర్ల బాట. చక్రాలు నడిచి నడిచి రెండు పక్కలా గుంతలు పడ్డాయి, నడుమ దిబ్బ లేచింది. బాట మొదట్లోనే మా కారు కడుపు ఆ దిబ్బకు రాసుకుని కింద ఏదో పగిలింది, ఆయిలంతా నేలపాలైంది. కారును ఇంకో బండికి తాడు కట్టి లాక్కొచ్చుకోవాల్సి వచ్చింది. ఆ బండి వచ్చేదాకా అవ్వ సీట్లోనే కూర్చుని, దూరంగా ఆకుపచ్చగా కనిపిస్తున్న వైపే చూస్తూ ఉంది.

“ఊకో బిడ్డా, ఇంత దూరం వచ్చినం గద. సూసినట్టే” అన్నది.

చూడలేదు. చూసి ఉంటే ఆ గొంతు అట్లా ఉండదు. తన పొలంలో తన కాలు మళ్లీ పెట్టాలి, ఆమెకు కావాల్సింది అంతే. కానీ అల్లుడి ఇంట్లో ఉంటూ నోరు తెరిచి అడగడం మా అవ్వ వల్ల కాదు. అసలు అల్లుడితో సూటిగా మాట్లాడటమే ఆమెకు అలవాటు లేదు. ఆయన ఎదురుగా కూర్చుని ఉన్నా సరే, వంటింటి గడప దగ్గర నిలబడి నాతో, “అల్లునికి ఇంకింత కూర ఎయ్యాల్నా అడుగు” అంటుంది. ఆయనా తక్కువ తినలేదు. “అత్తమ్మకు చాలని చెప్పు” అంటాడు. ఇద్దరి మధ్య నేను టెలిఫోన్ తీగలాగా ఉంటాను. ఆ ఇద్దరికీ ఒకరంటే ఒకరికి ఎంత గౌరవమో, ఆ గౌరవం వల్ల నా తల ప్రాణం ఎట్లా తోకకొస్తుందో చెబితే అదే ఒక పుస్తకమవుతుంది.

ఆమె అడగలేదు కనుక మేమే అనుకుని, నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే ఒక చిన్న పాత జీపు తెచ్చాం. పైన గుడ్డ టాపు, ముందు రెండు సీట్లు, వెనక రెండు బల్లలు. మెదక్ రోడ్డు వైపు షెడ్డు పెట్టుకున్న మెకానిక్ భాయ్ దాన్ని చూసిపెట్టాడు. ఉన్నది ఉన్నట్టు నడిపితే మా పని అయ్యేదే. కానీ మా ఆయనా భాయ్ ఒకచోట కలిశారు. ఒకరికి వీడియోలు తెలుసు, ఇంకొకరికి రించి పట్టి నట్లు తిప్పడం తెలుసు. వాళ్లిద్దరినీ ఆపే శక్తి సిద్దిపేటలో ఎవరికీ లేదు.

వాళ్ల లెక్క వినడానికి బాగానే ఉండేది. బురదలో పోవాలంటే లావు టైర్లు కావాలి. లావు టైర్లు వేస్తే మలుపులో మడ్‌గార్డుకు రాసుకుంటాయి, కనుక బండిని పైకి లేపాలి. బండి లేపితే మామూలు టైర్లు ఏనుగుకు మేక కాళ్లు పెట్టినట్టుంటాయి, కనుక ఇంకా లావువి వేయాలి. ఇంకా లావువి వేస్తే ఇంకొంచెం లేపాలి. మధ్యలో నేను ఆపకపోయి ఉంటే ఆ జీపు మా దుకాణం బోర్డును దాటి పోయేది.

“అక్కా, నువ్వు బేఫికర్ ఉండు” అన్నాడు భాయ్. “కమాన్ పట్టీలు కొత్తయి ఏస్త. ఇంకో పట్టీ జోడిస్త. షాకులు లంబయి ఏస్త. బండి షేర్ లెక్క నిలవడ్తది.”

కమాన్ పట్టీలంటే చక్రాల మీద బరువు మోసే ఇనుప పలకలు. వాటికి ఒకటి కలిపితే బండి లేస్తుంది. ఇది నాకు అర్థమైంది. టైర్లే అర్థం కాలేదు. రోడ్డు టైర్లట, నున్నగా ఉంటాయి. మట్టి టైర్లట, వాటి మీద అరచేతంత గడ్డలు. మధ్యరకం ఇంకొకటి, అన్నిటికీ పనికొస్తుందట. నేను కూడా ఊరికే నిలబడలేక, అంగట్లో వంకాయలు చూసినట్టు ఒక్కో టైరునూ బొటనవేలితో నొక్కి చూశాను. ఏం చూస్తున్నానో నాకే తెలియదు. కానీ మట్టి టైర్ల మీద చెయ్యి పడగానే మనసు పడిపోయింది, నిజం చెప్పాలి. వాటిని చూస్తే ఎవరైనా పక్కకు తప్పుకుంటారు. దుబ్బాక చీరలూ తువ్వాళ్లూ అమ్ముకునే దుకాణం ముందు అట్లాంటి బండి ఆగి ఉంటే ఎట్లా ఉంటుందో కళ్ల ముందు కనిపించింది.

ఇంటికొచ్చి, “అత్తమ్మ ఏమంటదో అడుగు” అన్నాడు మా ఆయన, అత్తమ్మ వినేటట్టే.

“అల్లునికి ఏది మంచిగనిపిస్తే గదే మంచిదని చెప్పు” అన్నది అవ్వ గడప దగ్గరి నుంచి.

అంతే, అందరూ ఒప్పుకున్నట్టైంది. జీపు లేచింది. మట్టి టైర్లు వేసుకుని మా గల్లీలోకి వచ్చిన రోజు, ఎదురింటి పిట్టగోడ మీది నుంచి కూడా జనం చూశారు. పంజాబీ డ్రెస్సులో ఉన్న నేనే ఒక ఎగురు ఎగిరి సీట్లో పడ్డాను. పైన కూర్చున్నాక నాకు కాళ్లు నేల మీద నిలవలేదు, అక్షరాలా.

బండికి పూజ చేయకుండా ఎక్కేది లేదని అవ్వ ముందే చెప్పింది. ఆదివారం పొద్దున ఆమే స్వయంగా బానెట్ మీద పసుపు రాసి బొట్లు పెట్టింది, కొబ్బరికాయ కొట్టింది, ఒక్కో చక్రం ముందు ఒక్కో నిమ్మకాయ పెట్టించింది. చక్రాల కింద ఆ కాయలు పగిలితే దిష్టి పోయినట్టు. ప్రయాణానికి అంతా సిద్ధం. అవ్వ మంచి నేత చీర కట్టుకుంది, సంచిలో సద్ది పెట్టుకుంది, కాయలు పగిలాక ఎక్కుతానని పక్కన నిలబడింది. నేను దేవుడికి దండం పెట్టి బండి ముందుకు పోనిచ్చాను.

టప్పుమని చప్పుడు వచ్చింది. మళ్లీ ఒకటి. కానీ బయట నిలబడ్డవాళ్ల ముఖాలు తేడాగా ఉన్నాయి. దిగి చూస్తే ముందు టైరుకు రెండు గడ్డల మధ్య సందులో నిమ్మకాయ చెక్కు చెదరకుండా కూర్చుని ఉంది. టైరుతో పాటే పైకి లేచి, మడ్‌గార్డు కింద తిరిగి, మళ్లీ కిందికి వచ్చిందట. అంత బండి ఎక్కి దిగినా దానికి గీత పడలేదు.

“ఏం గ్రిప్పు చూడు!” అన్నాడు మా ఆయన సంబరంగా.

అవ్వ మాత్రం నిమ్మకాయను చూసింది, జీపును కింది నుంచి పైదాకా చూసింది. “పగల్లేదు బిడ్డా. ఇయ్యాల పోవద్దు. ఇంకోనాడు పోదం” అని సంచి తీసుకుని లోపలికి పోయింది. నిమ్మకాయను తీయడానికి మా ఆయన స్క్రూడ్రైవర్ పట్టుకుని చాలాసేపు కుస్తీ పట్టాడు.

తర్వాతి ఆదివారం అంగట్లో దొరికినంతలో పెద్ద కాయలు తెచ్చాడు. ఈసారి వెనక టైర్లో కూడా ఇరుక్కుంది. అవ్వ మళ్లీ వద్దన్నది. ఆ తర్వాత ఒకసారి అమావాస్య దగ్గర పడిందన్నది, ఒకసారి పిల్లి ఎదురొచ్చిందన్నది. ఇంత పట్టింపు ఆమెకు ఎప్పటి నుంచి మొదలైందో నాకు అంతు పట్టలేదు. బస్సు కదులుతుంటే పిల్లిని అదిలించి ఎక్కిన మనిషి ఆమె.

మా ఆయన మాత్రం తప్పు టైర్లదే అని తేల్చాడు. నిమ్మకాయల సంచి పట్టుకుని నన్ను వెంటేసుకుని భాయ్ షెడ్డుకు పోయాడు.

“భాయ్, నిమ్మకాయ పగిలే టైరు కావాలె.”

భాయ్ చేతిలో రించి అట్లాగే ఆగిపోయింది. “సేఠ్, నా జిందగీల గ్రిప్పు అడిగినోళ్లను చూసిన, మైలేజీ అడిగినోళ్లను చూసిన. నిమ్మకాయ అడిగినోన్ని ఇయ్యాల చూస్తున్న.”

కానీ పని మొదలుపెట్టాక భాయ్‌కు కూడా ఉత్సాహం వచ్చింది. జీపును జాకీ మీద లేపి ముందు చక్రానికి ఒక్కో రకం టైరు బిగించడం, కింద నిమ్మకాయ పెట్టడం, నేను మెల్లగా బండి జరపడం, అందరూ వంగి చూడటం. మట్టి టైరు ఈసారి కూడా కాయను భద్రంగా దాచుకుంది. రోడ్డు టైరు కింద అది ఎంత బాగా నలిగిందంటే రసం భాయ్ ప్యాంటు మీద పడింది. మధ్యరకం టైరు కింద కాయ కొంచెం ఆలోచించి, ఒక నిట్టూర్పు విడిచి పగిలింది. పక్కన చాయ్ తాగుతున్న పెద్దమనిషి, “ఇంత చక్కెర గూడ తెండ్రి, షర్బత్ తాగిపోతం” అన్నాడు. రోడ్డు టైరు బురదలో జారుతుంది, మట్టి టైరుకు నిమ్మకాయ పగలదు. కాబట్టి మధ్యరకం. ఆ వీడియోలు తీసేవాళ్లెవరికీ ఈ పరీక్ష తెలిసి ఉండదు.

తర్వాతి ఆదివారం నాలుగు కాయలూ పగిలాయి. నేను కిటికీలోంచి తల బయటపెట్టి యుద్ధం గెలిచినట్టు చూశాను. అవ్వ సంచితో మెల్లగా వచ్చింది. సీటు మీద చెయ్యి వేసింది. పైకి చూసింది. చెయ్యి తీసేసి, “కడుపుల మంటగున్నది బిడ్డా. మీరు పోయిరాన్రి” అన్నది.

నాకు ఒళ్లు మండింది. “నీ కోసం కాకపోతే గా చేన్ల మాకేం పని? నిమ్మకాయలన్నవ్, అమాసన్నవ్. గిన్ని చేసినంక గిప్పుడు కడుపుమంటనా?” అని గల్లీ వినేటట్టు అరిచాను. అవ్వ సంచితో లోపలికి పోయింది. మా ఆయన మాత్రం కదల్లేదు. జీపు పక్కన నిలబడి టైర్లనూ సీటునూ మార్చి మార్చి చూస్తూ ఉండిపోయాడు. ఇంకా టైర్ల మోజు తీరలేదు కాబోలు అనుకుని ఆయన మీద కూడా కోపం తెచ్చుకున్నాను.

మర్నాడు మధ్యాహ్నం, ఇంట్లో మరిచిన కళ్లజోడు కోసం దుకాణం నుంచి వచ్చాను. గేటు తీసే ఉంది. అవ్వ జీపు దగ్గర ఒక్కతే నిలబడి ఉంది. ఒక చేత్తో సీటు పక్కన ఉన్న కడ్డీ పట్టుకుంది. ఇంకో చేత్తో తన మోకాలిని వెనక నుంచి పట్టుకుని పైకి లేపుతోంది. పాదం అంచు దాకా పోయింది. వేళ్లు మాత్రం ఆనాయి, జారాయి. చీర సర్దుకుంది. మళ్లీ లేపింది. మళ్లీ జారింది. ఈసారి కడ్డీకి తల ఆనించి అట్లాగే నిలబడిపోయింది.

గేటు చప్పుడుకు ఇటు తిరిగి, “దుమ్ము తుడుస్తున్న బిడ్డా” అన్నది. ఆమె చేతిలో గుడ్డ లేదు.

ఒక్క క్షణంలో నాకు అంతా తెలిసిపోయింది. పిల్లి, అమావాస్య, కడుపుమంట. బాట నుంచి బండి కడుపు దాకా ఎంత ఎత్తుండాలో నేనూ, మా ఆయనా, భాయ్ ముగ్గురం వారాల తరబడి కొలిచాం. నేల నుంచి అవ్వ పాదం ఎంత ఎత్తు లేస్తుందో చూడాలన్న మాట ముగ్గురికీ తట్టలేదు. నాకు ఏడుపు ముంచుకొచ్చింది.

“ముందుగాలనే చెప్తే ఏమైతుండె అవ్వా?”

“ఏమని చెప్పాలె? అల్లుడు గంత మనసు పెట్టి చేయించిండు. దినాం తుడుచుకుంటుండు. కాలు లేస్తలేదంటే ఆయన ముఖం చిన్నబోదా?”

“పీట ఏస్త. ఎక్కు.”

“నలుగురు చూస్తుంటే పీటెక్కి జీపెక్కాల్నా? పీట మీదికెళ్లి తూలితే అల్లుడొచ్చి రెక్క పట్టాల్నా?” ఆ ఊహకే ఆమె కొంగు లాక్కుంది. “వద్దు. నువ్వు అల్లునికి చెప్పకు. నా మీదొట్టు.”

ఒట్టు పెట్టాక ఇక చేసేదేముంది? సాయంత్రం ఒంటరిగా భాయ్ దగ్గరికి పోయి, బండి ఎప్పట్లాగా దించెయ్యమన్నాను. అతని ముఖం చూడాలి. తాను లేపిన జీపు ఫోటో షెడ్డు తలుపుకు అంటించుకున్నాడు, వచ్చినవాళ్లందరికీ చూపిస్తున్నాడు. ఎందుకని అడిగాడు. స్టీరింగ్ ఊగుతున్నదని చెప్పాను.

“నా పని ఊగది అక్కా” అన్నాడు రోషంగా.

ఇక దాచలేక అసలు సంగతి చెప్పేశాను. కాసేపు ఫోటో వైపు చూసి, దాన్ని మెల్లగా పీకి జేబులో పెట్టుకున్నాడు. “సేఠ్‌కు ఏం చెప్తవ్?” అన్నాడు. నాకు తోచలేదు. భాయ్‌కు తోచింది. “నేను చెప్త. గీ ఎత్తుకు మలుపుల గాలి కొడ్తే బండి పల్టీ ఐతదని చెప్త. మస్తు భయపడ్తడు.”

అట్లాగే చెప్పాడు. నేను ఇంట్లో గొడవకు సిద్ధమై జవాబులు కూర్చుకుని ఉన్నాను. ఒక్కటీ వాడే పని పడలేదు. “పల్టీ కొట్టే బండి మనకెందుకు? దించిపిద్దం” అన్నాడు మా ఆయన, కూర కలుపుకుంటూ. లావు టైర్లు కూడా పోయి, మామూలు కొలతవే మధ్యరకంలో వచ్చాయి. జీపు మళ్లీ మేకపిల్లలాగా అయింది.

ఆ వారం నిమ్మకాయలు పెట్టాలన్న మాట అవ్వ ఎత్తనే లేదు. కడ్డీ పట్టుకుని, మారిన మోకాలి కాలు ముందు పెట్టి, రెండోది లాక్కుని ఎక్కి కూర్చుంది. కూర్చుని చీర కుచ్చిళ్లు సవరించుకుంది. ఆ సమయంలో మా ఆయన ఇంటికి తాళం వేస్తున్నాడు. ఆ తాళం ఎంతకూ పడలేదు. అవ్వ సర్దుకున్నాకే అది పడింది, ఆయన వచ్చి వెనక బల్ల మీద కూర్చున్నాడు.

వానలు తగ్గి బాట సగం ఆరింది, సగం ఆరలేదు. కారు ఆగిపోయిన చోటు దాటాం. ఒక రెండు చోట్ల కడుపు దిబ్బకు గీరుకుంది, అవ్వ “మెల్లగ, మెల్లగ” అంటూ నా మోచెయ్యి పట్టుకుంది. పొలం ఇక రాయి విసిరితే పడేంత దూరంలో ఉందనగా ముందు చక్రం గుంతలోకి జారింది. జీపు కడుపు దిబ్బకు ఆని అక్కడే కూర్చుండిపోయింది. నేను గేరు మార్చి, మళ్లీ మార్చి, బాటనూ బండినీ నోటికొచ్చినట్టు తిట్టాను. మా ఆయన దిగి లుంగీ ఎగ్గట్టి, బురదలో వెల్లకిలా పడుకుని బండి కిందికి దూరాడు. ఇప్పుడంటాడు, ఎత్తుంటే ఇట్లయ్యేదా అని. అంటే మాత్రం ఊరుకునేది లేదని నేనూ దిగి పళ్లు బిగించి నిలబడ్డాను.

పక్క తలుపు చప్పుడైంది. చూస్తే అవ్వ దిగింది. ఎవరి చెయ్యీ పట్టుకోలేదు, ఎవరినీ పిలవలేదు. చెప్పులు విడిచి చేతిలో పట్టుకుంది, బాట వారగా గట్టి నేల చూసుకుంటూ పొలం వైపు నడిచింది. ఒక్కో అడుగూ ఎత్తి, ఆన్చి, నమ్మకం కుదిరాక ఇంకొకటి. మా వైపు తిరిగి కూడా చూడలేదు.

బండి కింది నుంచి మా ఆయన మాట వినిపించింది. అక్కడి నుంచి ఆయనకు కనిపించేవి అవ్వ పాదాలు మాత్రమే.

“కాలు మంచిగనే లేస్తున్నది” అన్నాడు.

నేను వంగి చూశాను. ముఖం మీద బురద, కళ్లు మాత్రం ఆ పాదాల మీదే ఉన్నాయి.

“నీకెట్ల తెలుసు? భాయ్ చెప్పిండా?”

“భాయ్ ఏం చెప్తడు? గానాడు సీటు మీద చెయ్యేసి నిలవడ్డప్పుడే చూసిన. నేనేమన్న గుడ్డోన్నా?” గొంతు తగ్గించి అన్నాడు. “నాకు తెలిసిందని అత్తమ్మకు చెప్పకు. సిగ్గుపడ్తది.”

ఆయనకు ఆ ఎత్తు జీపు ఎంత ఇష్టమో నాకు తెలుసు. ఒక్క మాట అనకుండా దించుకున్నాడు. ఇన్నేళ్ల కాపురంలో ఆయన మీద నాకు అంత ప్రేమ ఎప్పుడూ కలగలేదు. పక్కకు జరగమని ఆ బురదలోనే కూర్చుని కిందికి తొంగిచూశాను. అప్పటికి పాదాలు కనిపించడం లేదు. అవ్వ పత్తి చేనులో నడుము దాకా మునిగిపోయి, కలుపు తీయనందుకు కౌలుదారును పేరు పెట్టి తిడుతోంది.